అల్లూరి ముఖం ఎవరిది?

ఈ వారం నాకు బాగా పనికొచ్చిన మాట "పోలిక". ఇళ్ళలో "పిల్లాడికి తాత పోలిక వచ్చింది" అంటారు కదా, అదే. ముఖాలు గీసేవాళ్ళ కష్టమంతా ఆ ఒక్క మాట కోసమే.

ఆగస్టు 15కి మా గుడి హాల్లో పెట్టడానికి నాలుగు ఆయిల్ పెయింటింగులు కావాలి. ఇక్కడే కైసర్స్‌లౌటర్న్‌లో ఉండే ఒక తెలుగమ్మాయి వేస్తోంది. సామాన్లు మోయడం, టీ పెట్టడం నా పని. టంగుటూరి ప్రకాశం, పింగళి వెంకయ్య, దుర్గాబాయి దేశ్‌ముఖ్ త్వరగానే అయిపోయారు. ముగ్గురికీ మంచి ఫోటోలు దొరికాయి. ఆమె ఫోటో మీద గడులు గీస్తుంది. కాన్వాస్ మీద అవే గడులు పెద్దవిగా గీసి, ఒక్కో గడిలోని గీతలు బొగ్గుతో దించుతుంది. తరువాత పల్చటి మట్టిరంగు పూత, నీడలు, ఆఖరున వెలుగు. కళ్ళు మాత్రం ముందే వేస్తుంది. గుడిలో అయితే విగ్రహానికి కళ్ళు తెరవడం చివర్లో. దాన్ని నేత్రోన్మీలనం అంటారు (పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది).

చిక్కు అల్లూరి సీతారామరాజు దగ్గర వచ్చింది. మాకు దొరికింది మసకగా ఉన్న చిన్న నలుపు తెలుపు బొమ్మ.

"అంకుల్, మీకు ఆయన ఎలా గుర్తు?" అని అడిగింది.

కళ్ళు మూసుకుంటే హీరో కృష్ణ కనిపించారు! 1974లో సెలవులకి తెనాలి వెళ్ళి చూసిన సినిమా. తెలుగులో మొదటి సినిమాస్కోప్ అదే. అంత పెద్ద తెర మీద చూసిన ముఖం అంత తేలిగ్గా పోతుందా?

ఆమె తేదీలు చూసింది. 1897లో పుట్టి, 1924 మే 7న చనిపోయారు. ఇరవయ్యేడు నిండలేదు. "మా తమ్ముడి వయసు. రెండేళ్ళు మన్యం కొండల్లో తిరిగితే ఆ బుగ్గలు ఎక్కడుంటాయి?" అంటూ బుగ్గలు చెక్కేసింది.

ఇక రంగు. పాత బొమ్మ ఒంటి రంగు చెప్పదు. ఇక్కడి ఫాల్జ్ గ్యాలరీకి తీసుకెళ్ళి, మాక్స్ స్లెఫోక్ట్ చిత్రాల్లో నీడలు నల్లగా కాక నీలంగా, ఆకుపచ్చగా ఎలా ఉంటాయో చూపించింది. మన అల్లూరికి చామనచాయ అనుకుంది. ఎంత చక్కటి మాట!

మొన్న కమిటీ పెద్దాయన ఒకరు వచ్చి చూశారు.

"అల్లూరిలా లేడమ్మా. కాస్త తెలుపు చెయ్యి."

"తెల్లరంగు కలిపితే బూడిద పూసినట్టు ఉంటుందండీ" అంది.

ఆయన నా వైపు చూశారు. నాకు కూడా ఆ ముఖం కొత్తగానే ఉంది. అయినా "ఇలాగే ఉండనీండి" అన్నాను. ఆయన టీ తాగకుండా వెళ్ళిపోయారు.

ఇంకా తొమ్మిది రోజులుంది. జుట్టు దగ్గర రంగు ఆరలేదు.