మిద్దె మీద ర్యాప్, కింద మోటారు

మదనపల్లెలో బస్సు దిగి టమాటా మార్కెట్‌కి వెళ్లేసరికి వేలం జోరుగా నడుస్తోంది. మా చిన్నాయన కొడుకు గేటు దగ్గర బైకు పెట్టుకుని ఉంటానన్నాడు. బైకు ఉంది, వాడు లేడు. లోపలికెళ్లి చూస్తే క్రేట్ల వరసల మధ్య ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "రెండు నిమిషాలుండన్నా, రికార్డు చేస్తాండా" అన్నాడు.

రికార్డు చేస్తున్నది పాటే. కాకపోతే వేలంపాట. మండీ మనిషి ఒకాయన నడుస్తూ రేటు పాడుతున్నాడు. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలీదు. ఒక అంకె అందుకుని, దాన్నే రెండుసార్లు తిప్పి, ఎవరో చెయ్యెత్తగానే ఇంకో పది కలిపి మళ్లీ మొదలు. చిన్నప్పట్నుంచీ వింటున్నదే. "ఇది ఫ్లో కాదా అన్నా?" అని వీడు అడిగేదాకా నాకెప్పుడూ తట్టలేదు.

అక్కణ్నుంచి తిరుపతి రోడ్డు మీద వాల్మీకిపురం. బోర్డుల మీదే ఆ పేరు, మా నోట్లో మాత్రం వాయల్పాడు. వాల్మీకి తపస్సు చేసిన చోటని చెప్పుకుంటారు. పట్టాభిరాముడి గుడి ఉంది, ఊరు దాటితే టమాటా తోటలు. సెలవుకి వచ్చినప్పుడల్లా గుడికెళ్లి, తిని, పడుకుని వెళ్లిపోయేవాణ్ని. ఈసారి వచ్చింది మిద్దె మీది గది చూడటానికి.

పది అడుగుల గది. ఒకప్పుడు చెనక్కాయల మూటలు వేసేవాళ్లు. ఇప్పుడు నేను పక్కన పడేసిన లాప్‌టాప్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైకు. కండెన్సర్ మైకు అయితే పక్కవీధి కుక్క మొరుగు కూడా పట్టేస్తుంది, ఇది నోటి దగ్గరున్న గొంతునే ఎక్కువగా తీసుకుంటుంది. గోడలకి మొదట కోడిగుడ్ల అట్టలు అంటించారట. అవి శబ్దాన్ని ఆపవురా అని ఫోన్లో చెప్పిచెప్పి అలిసిపోయాను. ఇంజినీరు మాట ఇంట్లో ఎవడు వింటాడు! చివరికి అట్టలు పీకేసి, మా అవ్వ పాత చీరలతో కుట్టిన బొంతలు వేలాడదీశారు. బయటి చప్పుడు అలాగే వస్తుంది కానీ గదిలో మోత తగ్గింది.

ముగ్గురు ఉన్నారు. మావాడు రాసి పాడతాడు. మొబైల్ షాపులో పనిచేసే కుర్రాడు బీట్లు చేస్తాడు. డిగ్రీ చదివే అమ్మాయి హుక్ పాడుతుంది. ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి కాబట్టి ఆమె ట్రాకులే ముందు.

ఇంట్లో ర్యాప్ ఏంట్రా అని నవ్వేవాళ్లకి వాళ్ల దగ్గర సమాధానాలు రెడీగా ఉన్నాయి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పార్టీ పెట్టింది ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగులోనే. హిప్‌హాప్ పుట్టినరోజంటే అదే. 2014లో ముంబై కుర్లా కుర్రాడు నేజీ 'ఆఫత్'ని ఐప్యాడ్‌తోనే రికార్డు చేసుకున్నాడు. తెలుగులో అయితే, రోల్ రైడా 2018లో బిగ్‌బాస్‌కి వెళ్లాక అమ్మలక్కూడా ర్యాప్ అంటే ఏంటో తెలిసింది.

అయినా వీళ్ల తెలుగు హైదరాబాద్ తెలుగు కాదు, సినిమా తెలుగూ కాదు. 'ఉండాను', 'యాడికి', 'పోతాండా'. బెంగుళూరు మీటింగుల్లో పడీ పడీ నేను దాచుకున్న మాటలన్నీ హెడ్‌ఫోన్స్‌లో వినబడుతుంటే మొదట సిగ్గేసింది. తర్వాత రెండోసారి పెట్టమన్నాను.

కొత్త ట్రాకు టమాటా మీద. వేలంపాట ముక్కని కోసి బీట్ కింద వేశారు. స్పీడు నిమిషానికి 90 బీట్లు. ఆ లెక్కన పదహారు బార్లు అంటే 43 సెకన్ల కన్నా కాస్త తక్కువ. అందులో 2023 జూలై ఉంది. కిలో నూటయాభై దాటి దేశమంతా టమాటా గురించే మాట్లాడిన నెల. అప్పుడు చిన్నాయన తోటలో కాయ లేదు. కాయ ఉన్నప్పుడు రేటు లేదు, కోతకూలి కూడా రాక తోటలోనే వదిలేశాడు. తర్వాత రెండు లైన్లు ఆయన అప్పు గురించి. అంకెతో సహా.

ఆ రెండు లైన్ల దగ్గర ట్రాకులో ఖాళీ ఉంది. నాయన ఇంట్లో ఉంటే వీడి గొంతు లేవదు. పొలానికి పోయినప్పుడు పాడదామంటే కరెంటు ఉండదు, లేదా ఆ అమ్మాయి ఉండదు.

"అంకె తీసెయ్. ఎవరో ఒక రైతు అని రాయి" అన్నాను, పెద్దమనిషిలాగా.

"ఎవురో అంటే ఎవురన్నా? నేనెందుకు పాడాల మరి?"

నా దగ్గర జవాబు లేదు. కొంచెం కోపం కూడా వచ్చింది. అది మా ఇంటి సంగతి, రేపు ఊరంతా ఫోన్లలో వింటుంది. అది అన్నాను కూడా. బీట్లు చేసే కుర్రాడు స్క్రీన్ వైపు తిరిగి కూర్చున్నాడు.

సాయంత్రం ఐదున్నర. హుక్ అయిపోయింది. వాడు మైకు ముందు నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కింద సంపు మోటారు మొదలైంది. చిన్నాయన పొలం నుంచి ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. మొదటిసారి పాడి ఆపిన పల్లవి, నా అరుపూ, అంతా విని ఉంటాడు. ఆ బొంతలు ఏం ఆపుతాయి?

మెట్ల కింద నుంచి పిలుపు వచ్చింది. "రేయ్, మోటారు ఆపేదా?"

వాడు నా వైపు చూశాడు. నేను లాప్‌టాప్ వైపు చూశాను.

"ఆపు నాయనా. మూడు నిమిషాలు."

మోటారు ఆగింది. వాడు పదహారు బార్లూ ఆగకుండా పాడాడు, ఖాళీ ఉన్న చోటుతో సహా. కాసేపటిదాకా ఎవరం కదల్లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు పైకీ రాలేదు, కిందికీ పోలేదు. తర్వాత మోటారు మళ్లీ మొదలైంది.

ఆ టేకే ఉంచారు.