గోడ పట్టుకు నడిచే మాట

బీజాపూర్ గోల్ గుంబజ్ చూశారా? చూడకపోతే ఈసారి వెళ్లండి. వెళితే మాత్రం పొద్దున్నే, తలుపులు తీసీ తీయగానే మెట్లెక్కేయండి. కాస్త ఆలస్యమైతే బడిపిల్లలు బస్సుల్లో దిగుతారు. ఒక్క కేక ఏడెనిమిది సార్లు తిరిగొచ్చే చోట ఓ క్లాసు మొత్తం ఈలలు వేస్తే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ముహమ్మద్ ఆదిల్ షా సమాధి అది. 1656లో పూర్తయింది. గుమ్మటం లోపలి అడ్డకొలత సుమారు 38 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. గుమ్మటం మొదలయ్యే చోట చుట్టూ నడవా. అక్కడ నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు ఎదుటి గోడకు పోయి రావడానికి 76 మీటర్లు. సెకనుకు 340 మీటర్ల చొప్పున వేసుకున్నా సెకనులో అయిదో వంతు పైనే పడుతుంది. ఆ మాత్రం ఎడం ఉంటే చాలు, చెవి రెండు చప్పుళ్లనూ విడదీసి పట్టేస్తుంది. నున్నటి గచ్చు శబ్దాన్ని పెద్దగా మింగదు, అందుకే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

ఇదంతా సరే, అసలు విశేషం గుసగుసది. గోడకు మూతి దగ్గరగా పెట్టి ఊపిరితోనే ఓ మాట అనండి. ఆవలి వైపు గోడకు చెవి ఆనించినవాళ్లకు స్పష్టంగా అందుతుంది. వాళ్లు గోడకు ఎడంగా జరిగారా, మాట పల్చబడిపోతుంది.

లండన్ సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కిందా ఇదే వింత. ఖగోళవేత్త ఏరీ, గుమ్మటం శబ్దాన్ని పోగుచేసి సరిగ్గా ఎదుటి చోట దింపుతుందన్నాడు. మరి పక్కనున్నవాళ్లకూ వినిపిస్తోందే! భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ ఆ చిక్కు విప్పాడు. శబ్దం గుమ్మటం పైకి పోదు, పసివాడిలా గోడ పట్టుకు నడుస్తుంది. వంపు గోడను ఏటవాలుగా తాకి, కాస్త ముందుకెళ్లి, మళ్లీ అదే గోడను తాకుతుంది. ఇది చూపడానికి రేలీ, వంచిన రేకుకు ఒక కొసన సన్నటి ఈల, రెండో కొసన చప్పుడుకు ఎగసిపడే మంట పెట్టాడు. రేకు లోపలి అంచున చిన్న అడ్డుపట్టీ పెట్టగానే మంట సద్దుమణిగింది. సన్నటి స్వరాలే గోడను ఎక్కువ అంటిపెట్టుకుంటాయి. గుసగుసలో మిగిలేదీ ఆ సకార షకారాల చప్పుడే కదా!

మన సి.వి. రామన్ 1921లో సెయింట్ పాల్స్‌లో చెవి పెట్టి విన్నాడు. గోడ నుంచి దూరం జరిగేకొద్దీ శబ్దం ఊరికే తగ్గిపోదని, పెరుగుతూ తరుగుతూ పోతుందని పట్టుకున్నాడు. తిరిగొచ్చాక గోల్ గుంబజ్‌నూ వదల్లేదు.

ఇంత ముచ్చటైన గుండ్రం కచేరీకి మాత్రం పనికిరాదు. 1871లో తెరిచిన లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ప్రతిధ్వని ఎంత మొండిదంటే, ఒకే టికెట్‌కు పాట రెండుసార్లు వినొచ్చని జోకులేసుకునేవారు. చివరికి 1969లో పైకప్పు కింద పుట్టగొడుగుల్లాంటి ఫైబర్ పళ్లేలు వేలాడదీశాక గానీ గోల తగ్గలేదు. మీ ఊరి కొత్త ఫంక్షన్ హాలుకు గుమ్మటం పెడతామంటే, మైకు సెట్టు బేరమాడే ముందు ఆ పళ్లేల ఖర్చు కూడా లెక్క వేసుకోమనండి.