ఒక నొక్కుకు ఒకే గుళిక

యంత్రాలతో మూడు దశాబ్దాలు సహవాసం చేసిన మా వంటి వారికి ఒక అలవాటు స్థిరపడిపోతుంది. ఏ పరికరం చేతికి వచ్చినా, అది ఏమి చేస్తుందన్న ప్రశ్నకంటే ముందుగా, అది ఏమి చేయకూడదు, చేయకుండా ఆపుతున్నది ఏది అన్న ప్రశ్న మనసులో మెదులుతుంది. ఇటీవల కోల్‌కతాలో మా ఇంటి బల్ల మీదికి వచ్చిన ఒక ఆటవస్తువు ఈ ప్రశ్నను మళ్లీ మా ముందు నిలిపింది. ఆ అనుభవాన్ని సహోద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పెయింట్‌బాల్ అనే ఆట నేటి పిల్లలకు కొత్తది కాదు. రంగుద్రవం నింపిన జెలటిన్ గుళికలను వాయుపీడనంతో వదలే పరికరాన్ని మార్కర్ అంటారు. అమెరికాలో అడవుల సిబ్బంది నరకవలసిన చెట్లకు, పశుపోషకులు తమ పశువులకు దూరం నుండి గుర్తు వేయడానికి ఇది పుట్టింది. అందుకే ఆ పేరు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పన్నెండుగురు కలిసి దీనితో తొలిసారి ఆట ఆడారు. గుళిక వ్యాసం సుమారు 17 మిల్లీమీటర్లు, బరువు సుమారు 3 గ్రాములు. వేగం సెకనుకు 300 అడుగులు, అనగా 91 మీటర్లు, మించరాదని ఆటస్థలాలలో సాధారణంగా పాటించే నియమం. ఆ వేగంలో గుళిక శక్తి సుమారు 12 జౌళ్లు. దుస్తుల మీద తగిలితే ఒక మచ్చ. కంటికి తగిలితే చూపే పోవచ్చు. కనుక ముఖకవచం లేకుండా ఎవరూ ఆటస్థలంలో అడుగు పెట్టరాదు.

మా తమ్ముడి కుమార్తె ఈ నగరంలోనే చదువుకుంటున్నది. మణికట్టు విరిగి అతికిన తరువాత ఆమె కుడిచేతి వేళ్లలో పట్టు పూర్తిగా తిరిగి రాలేదు. శ్రమపడితే చూపుడువేలు సన్నగా వణుకుతుంది. స్నేహితురాళ్లందరూ నగర శివార్లలోని ఒక ఆటస్థలానికి వెళ్తుంటే తాను గట్టున కూర్చోవలసి వస్తున్నదని ఆమె బాధ. మార్కర్ ట్రిగ్గరు లాగడానికి ఎంత బలం కావాలో స్ప్రింగు త్రాసుతో కొలిచి చూశాము. కిలోగ్రాముకు పైబడి ఉన్నది. ఆ స్థానంలో విద్యుత్ మీట అమర్చితే వంద గ్రాములైనా అక్కరలేదు. ఆటస్థలం యజమాని అనుమతి తీసుకుని, ఆయన ఇచ్చిన ఒక పాత మార్కర్‌ను మార్చడానికి పూనుకున్నాము.

పిడి విప్పి చూడగా లోపలి అమరిక మమ్మల్ని ముగ్ధులను చేసింది. స్ప్రింగు బలంతో ముందుకు దూసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న హ్యామర్‌ను సియర్ అనే చిన్న ఉక్కు కొక్కెం పట్టి ఉంచుతుంది. ట్రిగ్గరు లాగితే కొక్కెం వదలుతుంది. హ్యామర్ వెళ్లి వాల్వును తడుతుంది. వెలువడిన వాయువులో కొంత గుళికను తోస్తుంది, కొంత హ్యామర్‌ను వెనుకకు నెట్టుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. అసలు విశేషం కొక్కేనికి ఇరుసు పట్టే రంధ్రంలో ఉన్నది. అది గుండ్రంగా కాక కాస్త నిడుపుగా ఉంటుంది. హ్యామర్‌ను వదలిన మరుక్షణం కొక్కెం ఆ రంధ్రం మేర ముందుకు జరిగి, ట్రిగ్గరు కొన నుండి తప్పించుకుంటుంది. వేలు ఇంకా ట్రిగ్గరు మీదే ఉన్నా, తిరిగి వచ్చిన హ్యామర్‌ను పట్టుకుంటుంది. వేలు తీసి మళ్లీ నొక్కితే తప్ప రెండవ గుళిక రాదు. ఒక నొక్కుకు ఒకే గుళిక అన్న నియమం ఏ కాగితం మీదా లేదు. ఆ నిడుపాటి రంధ్రంలో ఉన్నది.

చాందినీ మార్కెట్‌లో తిరిగి ఒక సోలినాయిడ్, ఒక మైక్రోస్విచ్, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, మరికొన్ని చిల్లర సామాన్లు కొన్నాము. వేలు మైక్రోస్విచ్‌ను నొక్కుతుంది. బోర్డు ట్రాన్సిస్టరును తెరుస్తుంది. సోలినాయిడ్ కడ్డీ కొక్కేన్ని నేరుగా నెట్టుతుంది. పని సులువే. కాని కడ్డీ నేరుగా నెట్టినప్పుడు నిడుపాటి రంధ్రానికి పని ఉండదు. కడ్డీ వెనుకకు రాకపోతే కొక్కెం హ్యామర్‌ను పట్టుకోలేదు. వాయువు గాని, గుళికలు గాని అయిపోయేవరకు మార్కర్ ఆగదు. ఇంతకాలం ఉక్కు మౌనంగా చేసిన కాపలా పనిని ఇప్పుడు మరొకరికి అప్పగించాలి.

వాయువు సీసా తీసివేసి, గుళికలు లేకుండా, సోలినాయిడ్ తీగకు ఒక కౌంటరు తగిలించి పరీక్షించాము. ముందుగా ఏ వడపోతా లేకుండా చూశాము. ఒక్క నొక్కుకు కౌంటరు మూడు, ఒక్కొక్కసారి నాలుగు చూపింది. స్విచ్‌లోని లోహపు పలకలు తాకేటప్పుడు కొద్ది మిల్లీసెకన్లపాటు ఎగిరిపడుతూ ఉంటాయి. బోర్డు ప్రతి తాకిడినీ కొత్త నొక్కుగానే లెక్కిస్తుంది. వేలు వణికేవారి విషయంలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. స్విచ్ 50 మిల్లీసెకన్లపాటు ఎడతెగకుండా తెరచుకుని ఉంటేనే తరువాతి నొక్కును స్వీకరించాలని ప్రోగ్రాంలో వ్రాశాము. ఆ పైన అయిదు వందల నొక్కులకు కౌంటరు అయిదు వందలే చూపింది.

అంతటితో తృప్తి పడవచ్చునా? ఇక్కడ మాకు థెరాక్-25 జ్ఞాపకం వచ్చింది. అది క్యాన్సర్ రోగులకు కిరణ చికిత్స చేసే యంత్రం. దాని ముందరి నమూనాలో అధిక మోతాదును అడ్డుకోవడానికి విడిగా రక్షణ సర్క్యూట్లు, యాంత్రిక అడ్డుకట్టలు ఉండేవి. కొత్త నమూనాలో ఆ భారాన్ని చాలావరకు సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. 1985–87 మధ్య అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులు విపరీతమైన మోతాదుకు గురయ్యారు. వారిలో కొందరు మరణించారు. ప్రోగ్రాంలో దోషాలు ఉండడం ఒక ఎత్తు. ఆ దోషాలకు అడ్డుగా నిలువగల ఇనుమును తీసివేయడం మరొక ఎత్తు.

మార్పు జరగకూడదని మా అభిప్రాయం కాదు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా రైల్వే కొలువుల్లో స్థిరపడిన ఖరగ్‌పూర్‌నే చూడండి. అక్కడ 2017 నవంబరులో రిలేల స్థానంలో 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. సాధనం మారినా సూత్రం మారలేదు: ఏ భాగం చెడినా సిగ్నల్ ఎర్రగానే నిలవాలి.

ఆ సూత్రాన్నే మా చిన్న పనికి అన్వయించాము. సోలినాయిడ్‌కు బ్యాటరీ నుండి నేరుగా విద్యుత్తు ఇవ్వలేదు. 12 వోల్టుల బ్యాటరీకి, 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు నడుమ 22 ఓముల రెసిస్టరు పెట్టి, సోలినాయిడ్‌ను కెపాసిటర్ మీద నడిపాము. కెపాసిటర్‌లోని నిల్వ ఒక్క తోపుకు సరిపోతుంది. ట్రాన్సిస్టరు చెడి తెరచుకునే ఉండిపోయినా రెసిస్టరు గుండా వచ్చేది అర ఆంపియరు లోపే; అది కడ్డీని పట్టి ఉంచలేదు. ట్రాన్సిస్టరును కావాలనే షార్టు చేసి చూశాము. కడ్డీ ఒక్కసారి ముందుకు వచ్చి, స్ప్రింగు బలానికి వెనుకకు పోయి, మళ్లీ కదలలేదు. నిడుపాటి రంధ్రం చేసిన కాపలాను ఇప్పుడు ఒక రెసిస్టరు చేస్తున్నది. ప్రోగ్రాం దానికి తోడు మాత్రమే.

దీనికి మూల్యం లేకపోలేదు. కెపాసిటర్ నిండడానికి వ్యవధి కావాలి కనుక వేగం సెకనుకు అయిదు గుళికలకు పరిమితమైంది. మా అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది.

“మిగతావాళ్లవి సెకనుకు పది, పన్నెండు వదులుతాయి పెదనాన్నా. నాది అయిదేనా?”

“ఆ అయిదూ నీవు కోరినవే అవుతాయమ్మా. కోరనిది ఒక్కటీ రాదు” అన్నాము.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత కౌంటరు తన ముందుకు లాక్కుని, తన వేలితోనే వంద నొక్కులు లెక్కపెట్టుకున్నది. వేలు అలసి వణుకు మొదలైన తరువాత మరో వంద. రెండుసార్లూ లెక్క సరిపోయింది. ఆటస్థలం యజమాని తన వేగమాపకంతో గుళిక వేగాన్ని కూడా సరిచూసుకుని, మార్కర్‌ను ఆమె పేర విడిగా ఉంచారు. ఇప్పుడు నెలకొకసారి ఆమె ఆడి వస్తున్నది. ఎక్కువసార్లు ఓడిపోతున్నదట, అది మా ఇంజనీరింగు పరిధిలోనిది కాదు.

మన కర్మాగారాలలోను ఏటేటా ఏదో ఒక చోట మీటలు తొలగి తీగలు వస్తూనే ఉంటాయి. పాత పరికరాన్ని తుక్కుకు పంపే ముందు దాని ప్రతి గాడినీ, ప్రతి రంధ్రాన్నీ ఒకసారి చేతిలోకి తీసుకుని, నీవు ఇంతకాలం ఏమి ఆపుతున్నావు అని అడగాలి. జవాబును డ్రాయింగు మీద వ్రాసుకోవాలి. ఆ పని ఇకమీదట ఎవరు చేస్తారో దాని పక్కనే వ్రాసిన తరువాతే కొత్తదానికి విద్యుత్తు ఇవ్వాలి. యువ ఇంజనీర్లకు మేము చెప్పగలిగినది ఇంతే.