మాటకు మాట... తూటా!

పొలం గట్టు, పిల్లల ఆట, పంచాయితీలో జారిన ఓ మాట... గొడవ చిన్నదే. కానీ మధ్యలోకి ‘ఇజ్జత్‌’ వచ్చి కూర్చుంటే? కరీంనగర్‌, ఆదిలాబాద్‌ దారుల్లో ఓసారి తిరిగొస్తే కోట బురుజు నుంచి కాలనీ గల్లీ దాకా ఆ ప్రశ్నే ఎదురవుతుంది. జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

ఆదిలాబాద్‌ పట్టణం, తాటిగూడ. 2020 డిసెంబరు 18. పిల్లలు క్రికెట్‌ ఆడుతున్నారు. ఆటలో ఏదో తగాదా వచ్చింది. పిల్లల తగాదా ఎంతసేపు? సాయంత్రానికి మళ్లీ ఒకే బ్యాటు పంచుకుంటారు. కానీ ఈసారి పెద్దలు దిగారు. మాటా మాటా పెరిగింది. మజ్లిస్‌ జిల్లా అధ్యక్షుడిగా, మున్సిపల్‌ వైస్‌ఛైర్మన్‌గా పనిచేసిన ఓ నాయకుడు లైసెన్సు ఉన్న తుపాకీ తీశాడు. ఓ చేతిలో తుపాకీ, మరో చేతిలో కత్తి... ఆ దృశ్యం సెల్‌ఫోన్లలోకెక్కి రాష్ట్రమంతా చుట్టింది. ముగ్గురు గాయపడ్డారు. వారిలో ఒకరు హైదరాబాద్‌ ఆసుపత్రిలో వారం రోజులు పోరాడి కన్నుమూశారు. కాల్పులు జరిపిన వ్యక్తికి 2022 జనవరిలో ఆదిలాబాద్‌ న్యాయస్థానం జీవితఖైదు విధించింది.

దీని వెనక పాత రాజకీయ వైరం ఉందనీ అప్పట్లో వార్తలు వచ్చాయి. ఉండొచ్చు. కానీ గల్లీలో నలుగురూ చూస్తుండగా వెనక్కి తగ్గడమంటే ఓడిపోవడమే అనుకునే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణంలో చేతికి కర్ర అందితే తల పగులుతుంది. తుపాకీ అందితే ప్రాణం పోతుంది. తేడా అంతే!

నలుగుట్ల మాట

‘నలుగుట్ల నా ఇజ్జత్‌ తీసిండు’... ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఏ పంచాయితీకి వెళ్లినా వినిపించే మాట ఇది. ఇందులో అసలు బరువు ‘ఇజ్జత్‌’ది కాదు, ‘నలుగుట్ల’ది. ఇంట్లో తిడితే పడతాడు. చాటుగా అంటే మింగుతాడు. అదే మాట రచ్చబండ దగ్గర అంటే మాత్రం రాత్రంతా నిద్ర పట్టదు.

ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. థాయ్‌లాండ్‌లో పరువు పోవడాన్ని ‘సియా నా’ అంటారు. ‘ముఖం పోగొట్టుకోవడం’ అని దానర్థం. మన ‘మొకం చెల్లకపోవడం’ లాంటిదే. ఎంత కోపం వచ్చినా పైకి చిరునవ్వుతో ఉండే సమాజం అది. కానీ ఆ ముఖం పోయిందనుకున్న రోజున ట్రాఫిక్‌లో తగాదా కూడా తుపాకీ దాకా వెళ్తుంటుంది. జెనీవాలోని స్మాల్‌ ఆర్మ్స్‌ సర్వే సంస్థ 2017లో వేసిన అంచనా ప్రకారం అక్కడ ప్రతి వందమందికీ దాదాపు 15 తుపాకులున్నాయి. మన దేశంలో ఐదు. కోపం రెండు చోట్లా ఒకటే. చేతికందే దూరంలో ఏముందన్నదే లెక్క.

ఫిరంగులు చూసిన ఊళ్లు

ఆయుధానికీ హోదాకూ ఈ నేల మీద పాత చుట్టరికమే ఉంది. కరీంనగర్‌ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు వెళ్తే జగిత్యాల. ఊరి ఒడ్డున నక్షత్రం ఆకారంలో కోట, చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజినీర్ల పనితనంతో కట్టిందని చెబుతారు. గోదావరి దాటి నిర్మల్‌ వెళ్తే శ్యాంగఢ్‌, బత్తీస్‌గఢ్‌... అడుగడుగునా కోట గోడలే. కొయ్యబొమ్మలకు పేరుపడ్డ ఈ ఊరు ఒకప్పుడు నిజాం సైన్యానికి ఫిరంగులు పోసిన ఊరు కూడా.

ఆ నిర్మల్‌లోనే వెయ్యి ఉరుల మర్రి ఉండేది. ఆంగ్లేయులపై, నిజాంపై తిరగబడ్డ రాంజీ గోండునూ అతని అనుచరులనూ 1860లో ఆ చెట్టుకే ఉరితీశారని జనం చెప్పుకుంటారు. చెట్టు ఇప్పుడు లేదు. పేరు మాత్రం ఎవరూ మరచిపోలేదు.

చెప్పులు చేతిలో పట్టుకుని...

జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి పల్లెల్లో పాత గడీలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. ఎత్తయిన గోడలు, పెద్ద దర్వాజ. ఒకప్పుడు ఆ దర్వాజ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. తలపాగా తీయాలి. ‘బాంచెన్‌ దొరా, కాల్మొక్త’ అనాలి. వెట్టి సరేసరి. అన్నదమ్ముల తగాదా అయినా, ఆలుమగల పంచాయితీ అయినా గడీలోనే తెగాలి. తప్పెవరిదైనా దండుగ దొరకే చేరాలి.

అంటే పరువు ఊళ్లో ఒక్కరికే ఉండేది. మిగతా ఊరంతా దాన్ని రోజూ పోగొట్టుకుంటూ బతికేది.

1978 సెప్టెంబరు 7న వేలమంది రైతుకూలీలు జగిత్యాలలో కదం తొక్కారు. చరిత్రలో జగిత్యాల జైత్రయాత్రగా నిలిచిపోయిన రోజది. కూలి రేట్లు, భూమి, వెట్టితో పాటు వాళ్ల డిమాండ్లలో మరొకటి ఉంది... పంచాయితీల పేరుతో దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగివ్వాలి! అడిగింది డబ్బే. కానీ ఆ డబ్బు వెనక, నలుగురి ముందు తలవంచుకున్న ఎన్నో సాయంత్రాలున్నాయి.

దొరలపై సాంఘిక బహిష్కారం మొదలైంది. చాకలి రాడు, మంగలి రాడు, పాలేరు పనిలోకి దిగడు. తూటా పేలకుండానే గడీ గౌరవం కూలిపోయింది. చాలామంది దొరలు పట్నం దారి పట్టారు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అక్కణ్నుంచి కథలోకి తుపాకీ వచ్చింది. రెండువైపుల నుంచీ.

అన్నలొచ్చిన రాత్రులు

1980లో పీపుల్స్‌వార్‌ పుట్టింది. ఆ పార్టీకి అగ్రనేతలుగా ఎదిగినవారిలో కరీంనగర్‌ బిడ్డలు ఎందరో. దళాలు ఊళ్లోకి రావడం, చీకట్లో పంచాయితీ పెట్టడం మొదలైంది. గట్టు తగాదా, కట్నం గొడవ, తాగొచ్చి భార్యను కొట్టే మొగుడు... అన్నీ అక్కడే తేలేవి. కోర్టుకెళ్తే ఏళ్లు పట్టేది ఒక్క రాత్రిలో తెమిలేది. పేదవాడికి మొదటిసారి తన మాటా ఎవరో విన్నారనిపించింది.

మరి తీర్పు నచ్చనివాడి సంగతి? అప్పీలు లేదు. ఎదురుగా తుపాకీ ఉంది. నోరు మూసుకోవాల్సిందే. ఓడినవాడి కడుపులో మంట అలాగే ఉండిపోయేది. ఆ మంటకు దారి కావాలి. కొందరు పోలీసుల చెవిన వేశారు. పక్కింటివాడి మీద పగతో ‘ఇన్ఫార్మర్‌’ అని దళానికి చెప్పినవారూ ఉన్నారు. ఇటు ఇన్ఫార్మర్ల పేరుతో హత్యలు, అటు ఎన్‌కౌంటర్లు. గట్టు దగ్గర మొదలైన తగాదా ఎవరి చేతిలోని తుపాకీతో ముగిసిందో చెప్పలేని రోజులవి. రెండు దశాబ్దాలకు పైగా ఈ పల్లెలు రెండు తుపాకుల మధ్య నలిగాయి.

పెద్దపల్లి నుంచి వెళ్లిన మల్లోజుల కోటేశ్వరరావు 2011 నవంబరులో పశ్చిమబెంగాల్‌లో ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. ఆయన తమ్ముడు వేణుగోపాల్‌ 2025 అక్టోబరులో గడ్చిరోలిలో అనుచరులతో కలిసి ఆయుధం అప్పగించారు. ఒకే ఇంటి రెండు కథలు... ఒక తరం ముగింపు.

సోమవారం సంత

నిర్మల్‌ దాటి మహబూబ్‌ ఘాట్‌ మలుపులు ఎక్కితే అసలు ఆదిలాబాద్‌ మొదలవుతుంది. టేకు చెట్లు, పత్తి చేలు, ఎర్రమట్టి. గుడిహత్నూర్‌ దగ్గర జాతీయ రహదారిని వదిలి పక్కకు తిరిగితే ఇంద్రవెల్లి.

1981 ఏప్రిల్‌ 20, సోమవారం. సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం భూముల కోసం సభ పెట్టుకుంది. ముందు ఇచ్చిన అనుమతిని అధికారులు రద్దు చేశారు. ఆ సంగతి గూడేలకు చేరనే లేదు. జనం వచ్చారు, పోలీసులు అడ్డుకున్నారు. ఒక ఆదివాసీ యువతితో పోలీసు ఒకరు అసభ్యంగా ప్రవర్తించాడని, ఆమె తిరగబడిందని, ఆ తర్వాతే కాల్పులు మొదలయ్యాయని స్థానికులు చెబుతారు. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. హక్కుల సంఘాలు అంతకు ఎన్నోరెట్లు ఎక్కువని చెప్పాయి. ఇంద్రవెల్లి ఎర్రస్థూపం ఆ రోజుకు గుర్తు. ఏటా ఏప్రిల్‌ 20న అక్కడ పూలు పెట్టడానికి కూడా దశాబ్దాల పాటు ఆంక్షలే!

చంపినవాడు మరచిపోవచ్చు. అవమానపడ్డవాడు మరచిపోడు. ఈ దారిలో ప్రతి ఊరూ చెప్పేది ఇదే.

దర్బారు పుట్టిన కథ

ఇంద్రవెల్లికి నలభై ఏళ్ల ముందే ఈ అడవి ఆ పాఠం నేర్పింది. పండిన పంట మీద హక్కు నాదంటూ వచ్చిన సిద్ధిఖీ అనేవాడితో గొడవ, ఆవేశంలో ఒక్క దెబ్బ, అతని మరణం... కొమురం భీం కథ అలా మొదలైందని చెబుతారు. చివరకు 12 గూడేల భూమి హక్కు కోసం జోడేఘాట్‌ గుట్టల్లో నిలబడి 1940లో నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాడు. చేలో మొదలైన తగాదా జల్‌, జంగల్‌, జమీన్‌ పోరాటమైంది.

తుపాకీతో గొంతు నొక్కాక నిజాం సర్కారుకు అనుమానం వచ్చింది. అసలు వీళ్ల బాధేమిటి? తెలుసుకునే పని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ చేతికి వచ్చింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్యే గుడిసె వేసుకుని ఉన్నారు. ఫిర్యాదు పట్టుకుని గిరిజనుడు కచేరీకి వెళ్తే గుమ్మంలోనే అవమానం ఎదురవుతోందని గమనించారు. అందుకే వాళ్లంతా చేరే చోటుకే అధికారులను రప్పించారు. అలా 1940ల్లో కేస్లాపూర్‌ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. పుష్య అమావాస్యకు మొదలయ్యే ఆ జాతరలో ఇప్పటికీ అధికారులు వచ్చి కూర్చుంటారు, ఆదివాసీలు లేచి అడుగుతారు. అడిగినవన్నీ తీరాయా అంటే... లేదు. కానీ తన గడ్డ మీద, తనవాళ్ల మధ్య, తల ఎత్తి అడగడం అన్నది చిన్న సంగతి కాదు.

కేస్లాపూర్‌లో చూడాల్సింది మరొకటుంది. జాతరకు మెస్రం వంశీయులు ఎన్ని వేలమంది వచ్చినా వంట 22 పొయ్యిల మీదే! ఎవరికి వారు కొత్త పొయ్యి పెట్టుకోకూడదు. మోతుబరి అయినా, కూలి అయినా వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. ఆగడం అక్కడ చిన్నతనం కాదు, ఆచారం.

గూడేల్లో తగాదాలొస్తే రాయ్‌ సెంటర్లున్నాయి. సార్మేడి, పెద్దలు కూర్చుని ఇద్దరి మాటా వింటారు. ఒకరు గెలిచి మరొకరు ఓడటం కాదు, మర్నాడు ఇద్దరూ ఒకే బాటన పోగలగడమే వాళ్లు చూసేది.

పంచాయితీ అన్నంత మాత్రాన అన్నీ మంచివే అనుకోనక్కర్లేదు. నిర్మల్‌, జగిత్యాల ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో జరిమానాలు, కుటుంబాల వెలివేతలు ఎన్నోసార్లు వార్తలకెక్కాయి. నాడు దొరల మీదకెత్తిన ఆయుధం నేడు పొరుగువాడి మీదకు తిరిగింది. పెన్‌గంగ అవతలి మహారాష్ట్ర ఇలాంటి వెలివేతను నేరంగా పరిగణిస్తూ 2016లోనే ప్రత్యేక చట్టం చేసుకుంది.

లైసెన్సు ఉంటే సరా?

తుపాకీ లైసెన్సు ఆత్మరక్షణకు ఇస్తారు, హోదాకు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించారు. అంతకుముందు ఒకరి దగ్గర మూడు తుపాకుల దాకా ఉండొచ్చు. ఇప్పుడు రెండే. పెళ్లి బరాత్‌లో సరదాగా గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. జనంలో తుపాకీ తీసి బెదిరించడాన్ని 2016 నిబంధనలు నిషేధించాయి. ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలను ఠాణాల్లో జమ చేయిస్తారు. అప్పుడు మాటలు ముదురుతాయని, చేతులు దురద పెడతాయని ప్రభుత్వానికీ తెలుసు. కానీ గల్లీ గొడవకు నోటిఫికేషన్‌ రాదు కదా!

చిన్న తగాదాలకు లోక్‌అదాలత్‌ ఉంది. అక్కడి తీర్పు ఇద్దరూ ఒప్పుకున్నాకే వస్తుంది కాబట్టి దానిపై అప్పీలు ఉండదు. ఇరుగుపొరుగు గొడవలను బస్తీలోనే సర్దిచెప్పుకోవడానికి 2023 మధ్యవర్తిత్వ చట్టం కూడా చోటిచ్చింది. వీటన్నింటిలో ఉన్న సుగుణం ఒక్కటే... ఎవరూ ఓడిపోయి ఇంటికి పోనక్కర్లేదు.

పల్లెల్లో పెద్దమనుషులకు ఇది చట్టం చెప్పకముందే తెలుసు. కొట్లాటకు దిగిన ఇద్దరిలో ముందు ఒకణ్ని పక్కకు తీసుకెళ్తారు. ‘నువ్వు తగ్గు’ అని నలుగురిలో అనరు. ‘నువ్వు పెద్దోనివి, నీకు చెప్పాల్నా’ అంటారు. తగ్గడానికి ఓ మర్యాదైన దారి దొరికితే చాలు, సగం కోపం అక్కడే చల్లారుతుంది. గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఎన్నో ప్రాణాలను ఆ ఒక్క మాట నిలబెట్టింది. ఆ మాట చెప్పే మనిషి ప్రతి గల్లీలో ఒకరుండాలి... పిల్లలు బ్యాటు పట్టుకుని వీధిలోకి రాకముందే.