అమీర్‌పేట్ టు కడుబీసనహళ్లి: 8 గంటల పరీక్ష కోసం ఓ ప్రయాణం

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద మారతహళ్లి దాటి సిల్క్‌బోర్డ్ వైపు వెళ్తుంటే కడుబీసనహళ్లి వస్తుంది. అద్దాల బిల్డింగులు, మెట్రో పనుల దుమ్ము, హారన్లు. టూరిస్టులు దిగే స్టాప్ కాదు. అయినా ఏడాది పొడవునా ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్లు, పెళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా బ్యాగు తగిలించుకుని ఇక్కడ దిగుతుంటారు. వాళ్లకు కావాల్సింది సెస్నా బిజినెస్ పార్క్‌లోని సిస్కో క్యాంపస్. అక్కడే సీసీఐఈ ల్యాబ్ పరీక్ష జరుగుతుంది.

నెట్‌వర్కింగ్ ఫీల్డ్‌లో లేనివాళ్ల కోసం ఒక మాట. సీసీఐఈ అంటే సిస్కో సర్టిఫైడ్ ఇంటర్‌నెట్‌వర్క్ ఎక్స్‌పర్ట్. 1993లో మొదలైంది. పాసైన ప్రతి ఒక్కరికీ ఒక నంబర్ ఇస్తారు. మొదటి నంబర్ 1024 మనిషికి కాదు, ల్యాబ్‌కే ఇచ్చారు. 1025 పరీక్ష తయారుచేసిన స్టూవర్ట్ బిగ్స్‌ది. పరీక్ష రాసి గెలిచిన మొదటి మనిషి టెర్రీ స్లాటరీది 1026. అప్పట్లో రెండు రోజుల పరీక్ష. 2001 చివర్లో ఒక్క రోజుకు కుదించారు. బ్రస్సెల్స్, దుబాయ్, టోక్యో లాంటి కొద్ది చోట్లే దీనికి శాశ్వత కేంద్రాలున్నాయి. మనకు దగ్గర్లో ఉన్నది బెంగళూరే.

ఆ నంబర్‌కు ఎందుకంత గిరాకీ అంటారా? సిస్కో దగ్గర గోల్డ్ పార్ట్‌నర్ హోదా కావాలంటే కంపెనీలో సీసీఐఈలు ఉండాలన్న నిబంధన చాలా ఏళ్లు నడిచింది. కాబట్టి ఆ నంబర్ రెజ్యూమెలో ఉంటే జీతం మారుతుంది. ఒక్కోసారి దేశమే మారుతుంది.

అమీర్‌పేట్‌లో అన్నీ దొరుకుతాయి

తెలుగువాళ్లలో చాలామందికి ఈ దారి అమీర్‌పేట్‌లోనే మొదలవుతుంది. మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే కళ్లకు ఫ్లెక్సీలు తప్ప ఆకాశం కనపడదు. జావా, పైథాన్, డెవాప్స్, వాటి మధ్య ఎక్కడో మన సీసీఎన్ఏ. ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్ల మీద పాంప్లెట్లు చేతిలో పెడతారు. డెమో క్లాసు ఫ్రీ. ఎస్సార్ నగర్‌లో హాస్టల్ బెడ్, కింద కర్రీ పాయింట్, పక్కనే జిరాక్స్ షాపు. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో ఓఎస్ఐ లేయర్లు ఏడింటి పేర్లు బట్టీపట్టిన మాలాంటి వాళ్లకు, ఒక ప్యాకెట్ నిజంగా ఎలా కదులుతుందో బోర్డు మీద గీసి చూపించింది ఈ ఇరుకు గదుల్లోని సార్లే. ఆ రుణం తీరేది కాదు.

అయితే సీసీఎన్ఏ ఒకెత్తు, సీసీఐఈ మరొకెత్తు. ముందు 120 నిమిషాల ఎన్‌కోర్ పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాతే ల్యాబ్. 2020లో కొత్త పద్ధతి వచ్చినప్పుడు ల్యాబ్ ఫీజు 1600 డాలర్లు. మన లెక్కలో లక్షకు పైమాటే. ఫెయిలైతే మళ్లీ మొత్తం కట్టాలి.

సీటీసీ నుంచి సెకండ్ హ్యాండ్ సర్వర్

ఈ ప్రయాణంలో రెండో మజిలీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్. కీబోర్డు నుంచి పాత సర్వర్ దాకా దొరికే చోటు. నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ డబ్బులేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ సర్వర్ కొన్నాం. దాంట్లో ఈవ్-ఎన్‌జీ వేసుకుంటే నిజం రౌటర్లు లేకుండానే పెద్ద నెట్‌వర్క్ కట్టొచ్చు. ఒక్కో వర్చువల్ రౌటర్ 3, 4 జీబీ ర్యామ్ తినేస్తుంది. ఇక ఆ సర్వర్ ఫ్యాన్ మోతకు కింది పోర్షన్ ఆంటీ "ఏం బాబూ, మిల్లు పెట్టారా?" అని అడిగారు.

మా ప్రాక్టీస్ పద్ధతి సింపుల్. ఒకడు నెట్‌వర్క్‌ను కావాలనే చెడగొడతాడు. మిగతావాళ్లు టైమర్ పెట్టుకుని బాగుచెయ్యాలి. ఒకరోజు ఓఎస్‌పీఎఫ్‌లో రెండు రౌటర్లు పొరుగువాళ్లు కావట్లేదు. పింగ్ పోతోంది. కాన్ఫిగరేషన్‌లో ఉండాల్సిన లైన్లన్నీ ఉన్నాయి. కానీ స్టేటస్ మాత్రం 'ఎక్స్‌స్టార్ట్' దగ్గరే ఆగిపోయింది. చూస్తే ఒకవైపు ఎంటీయూ 1500, రెండోవైపు 1400. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్ కాబట్టి దూరిపోతోంది. రౌటర్లు తమ దగ్గరున్న సమాచారం ఇచ్చిపుచ్చుకునే ముందు ఎంటీయూ సరిచూసుకుంటాయి, అక్కడ బెడిసికొట్టింది.

14 నెలల ప్రిపరేషన్‌లో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్తాను. "చేసేశాను" వేరు, "నడుస్తోంది" వేరు. ఈ పరీక్షలో మీకెంత తెలుసని ఎవరూ అడగరు. మీరు కట్టింది నడుస్తోందా లేదా అనేదే చూస్తారు.

రాత్రి రైలు, మారతహళ్లి పీజీ

కాచిగూడలో సాయంత్రం మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గద్వాల, కర్నూలు, డోన్ దాటుకుంటూ తెల్లారేసరికి బెంగళూరులో ఉంటాం. మాది అనంతపురం పక్క ఊరు. అర్ధరాత్రి దాటాక ఆ స్టేషన్ వస్తుంది. ఎప్పుడూ దిగే స్టేషన్‌లో దిగకుండా పై బెర్తు మీదే పడుకుని ఉండటం అదోలా అనిపించింది. అమ్మకు పరీక్ష అని చెప్పాను గానీ ఫీజెంతో చెప్పలేదు.

మెజెస్టిక్ నుంచి 335ఈ బస్సు మారతహళ్లికి తీసుకెళ్తుంది. అక్కడ దిగితే వేరే రాష్ట్రానికి వచ్చామనిపించదు. తెలుగు బోర్డులున్న పీజీలు, ఆంధ్రా మెస్సులు, పప్పూ గోంగూరా, "అన్నా, ఇంకొంచెం అన్నం" అనే కేకలు. నేను దిగిన పీజీలో నా పక్క బెడ్డాయన గుంటూరు మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆయనకూ మర్నాడే ల్యాబ్. మూడోసారి.

రాత్రి మెస్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఫీజు కోసం భార్య గాజులు బ్యాంకులో పెట్టానని మామూలుగా చెప్పాడు. మొదటిసారి ఎవరి దగ్గరో 'రియల్ ల్యాబ్' అని ఒక ఫైల్ కొన్నాడట. మొత్తం కంఠతా పట్టి వెళ్లాడట.

"ప్రశ్న కొంచెం తిప్పి ఇచ్చేసరికి చేతులు ఆడలా తమ్ముడూ. నాకు జవాబు తెలుసు గానీ, అది ఎందుకు జవాబో తెలీదు" అన్నాడు.

ఆ ఫైళ్ల బేరాలు ఫోన్‌కు మెసేజ్‌లుగా వస్తూనే ఉంటాయి. పట్టుబడితే పరీక్ష పోతుంది, ఉన్న సర్టిఫికెట్లూ పోతాయి. పట్టుబడకపోయినా, ఉద్యోగంలో రాత్రి రెండింటికి ఒక బ్యాంకు నెట్‌వర్క్ పడిపోతే ఆ ఫైల్ ఏం పనికొస్తుంది? నైట్ షిఫ్టులు చేసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గది లోపల

ఉదయాన్నే ఇద్దరం కలిసి ఆటో ఎక్కాం. దూరం కొన్ని కిలోమీటర్లే అయినా రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ను నమ్మలేం. ఫోన్లు బయటే. ఐడీ చూపించి లోపలికి వెళ్తే డెస్కులు, మానిటర్లు, ఒక ప్రాక్టర్. అంతే. సినిమాలో చూపించే సర్వర్ రూమ్ లైట్లేవీ ఉండవు.

ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ట్రాక్‌లో మొదటి 3 గంటలు డిజైన్. డివైజ్‌లు ముట్టుకోనివ్వరు. ఒక కంపెనీ అవసరాలు, మెయిళ్లు, డయాగ్రమ్‌లు చదివి నిర్ణయాలు తీసుకోవాలి. ఒక ప్రశ్న దాటితే వెనక్కి వెళ్లే దారి లేదు. తర్వాతి 5 గంటలు కట్టడం, నడపడం, బాగుచెయ్యడం. ప్రతి మాడ్యూల్‌లోనూ కనీస మార్కులు రావాలి, మొత్తం మీదా రావాలి. లోపల ఏం అడిగారన్నది చెప్పకూడదు, ఒప్పుకునే కూర్చుంటాం. నావరకు ఒకటి చెప్తాను. ఏ పనైనా పూర్తయిందనుకున్న ప్రతిసారీ ఆగి, నడుస్తోందో లేదో చూసుకున్నాను. టైమ్ తిన్నది అదే, కాపాడిందీ అదే.

సాయంత్రం బయటికొచ్చాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. రోడ్డు పక్కన ఫిల్టర్ కాఫీ తాగాం. ఎదురుగా 500డి బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయి ఉన్నాయి. "ఆ ట్రాఫిక్‌కు ఎవడైనా క్యూఓఎస్ పెడితే బావుణ్ను" అన్నాడాయన. ఆ రోజు మొదటిసారి నవ్వాం.

మీరూ వెళ్తుంటే

ఒకరోజు ముందే చేరండి. పీజీ క్యాంపస్‌కు దగ్గర్లో చూసుకోండి. ముందు రోజు కొత్త టాపిక్ ఏదీ తెరవకండి, ఒకసారి గేటు దాకా వెళ్లి దారి చూసి రండి. బుక్ చేసే ముందు వరుసగా 8 గంటలు కూర్చుని కనీసం మూడు నాలుగు మాక్ ల్యాబ్‌లు చెయ్యండి. పాసైనా మూడేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలని లెక్కలో పెట్టుకోండి. ఇంకా ముఖ్యం, అప్పు చేసి వెళ్తుంటే ఇంట్లోవాళ్లకు ఇది మొదటిసారే రాకపోవచ్చని ముందే చెప్పండి.

రిజల్ట్ సాధారణంగా 48 గంటల్లో వస్తుంది. నాకు తిరుగు రైల్లో వచ్చింది. నంబర్ చూసి అమ్మకు ఫోన్ చేశాను, ఈసారి ఫీజు కూడా చెప్పాను. కాసేపు మౌనం. "ముందే చెప్తే వద్దనేదాన్ని. సరేలే, తిన్నావా?" అంది.

గుంటూరు అన్నకు రాలేదు. 5 గంటల మాడ్యూల్ గట్టెక్కాడు, డిజైన్‌లో ఆగిపోయాడు. ఫోన్‌లో గొంతు మాత్రం నీరసంగా లేదు.

"గాజులు ఇంకొన్నాళ్లు బ్యాంకులోనే ఉంటాయి తమ్ముడూ. కానీ ఈసారి ఏది రాలేదో నాకు తెలుసు" అన్నాడు.

మా సర్వర్ ఇప్పుడు ఆయన దగ్గరుంది. గుంటూరు బస్సులో వేసి పంపించాం. ఫ్యాన్ మోత అలాగే ఉందట.