సైబర్ టవర్స్ నుంచి పంతంగి దాకా

సంక్రాంతి సెలవులకు ముందు మధ్యాహ్నం హైదరాబాద్ హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ కూడలిలో నిలబడితే ఐటీ కారిడార్ కార్లన్నీ ఒక్కచోటే చూడొచ్చు. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ఆ గుండ్రటి భవనాన్ని ప్రారంభించినప్పుడు చుట్టూ ఉన్నవి ఎక్కువగా రాళ్లగుట్టలే. ఇప్పుడు అక్కడ రోడ్డు దాటడమే ఒక ప్రయాణం. అక్కడ క్యాబ్ ఎక్కి మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, గచ్చిబౌలి మీదుగా ఔటర్ రింగు రోడ్డెక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ హైవే పట్టుకుని చౌటుప్పల్ అవతలి పంతంగి టోల్‌గేటు దాకా వెళ్లాలనుకున్నాను. చూడదలచుకున్నది కార్లనే. ఇక్కడివాళ్లు కారు మీద ఇంత మమకారం ఎందుకు పెంచుకుంటారు, అందులోనూ ఫలానా కారే ఎందుకు కొంటారు అన్నదానికి జవాబు హైటెక్ సిటీలో దొరకదని నా అభిప్రాయం. కారు రోజూ తిరిగేది ఆఫీసు దారిలోనే. కొనేది మాత్రం ఊరి దారి కోసం.

దీనికి మొదటి సాక్ష్యం మైండ్‌స్పేస్ అండర్‌పాస్ దగ్గరే, నేను కూర్చున్న క్యాబ్ రూపంలోనే ఉంది. కారిడార్‌లో తిరగడం కోసమే కొన్న కారు ఎలా ఉంటుందో తెలియాలంటే పసుపు నంబరు ప్లేట్లు చూడాలి. డిజైర్, వ్యాగన్ ఆర్, ఆరా వంటి చిన్న, నేలకు దగ్గరగా ఉండే బండ్లు, చాలావాటి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్. రోజంతా ఇదే ట్రాఫిక్‌లో బతికే డ్రైవరు లెక్క అది: కిలోమీటరుకు ఎంత ఖర్చు, ఇరుకులో ఎంత సులువు. అదే రోడ్డు మీద, అదే నడక వేగంతో కదిలే సొంత కార్ల తెల్ల ప్లేట్లు చూడండి. క్రెటా, సెల్టోస్, బ్రెజా, నెక్సాన్, ఇన్నోవా. ఒక్కోదాంట్లో ఒక్కరే మనిషి, పక్క సీట్లో ల్యాప్‌టాప్ బ్యాగు. స్విఫ్ట్‌కు గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, క్రెటాకు 190. సాఫుగా వేసిన ఈ ఫ్లైఓవర్ల మీద ఆ 27 మిల్లీమీటర్ల తేడాతో పనేముంది? (వానాకాలంలో ఉంటుంది, ఒప్పుకుంటాను. 2023 జులై వానలప్పుడు ఐటీ ఉద్యోగులను విడతలవారీగా ఇళ్లకు పంపమని సైబరాబాద్ పోలీసులే కంపెనీలను కోరారు.) కానీ ఊళ్లో ఎవరికివారు పోసుకున్న స్పీడు బ్రేకర్ల మీద, తారు లేచిపోయిన పంచాయతీ రోడ్డు మీద, చేను దాకా వెళ్లే బండ్ల బాట మీద ఆ తేడా అడుగడుగునా పనికొస్తుంది. మొదటి తరం సెల్టోస్ డిక్కీ 433 లీటర్లు. ల్యాప్‌టాప్ బ్యాగుకు అంత చోటు అక్కర్లేదు. వెళ్లేటప్పుడు బట్టల సూట్‌కేసులు, వచ్చేటప్పుడు బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, కొబ్బరికాయలు అందులో పట్టాలి. కారిడార్ కోసమే అని చెప్పగలిగింది ఒక్కటే కనిపిస్తుంది, క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ గేరు.

ఐకియా దాటి బయోడైవర్సిటీ కూడలి చేరేసరికి ఒక అభ్యంతరం ఎదురవుతుంది. 2012 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు గుర్తుగా పేరు పడిన కూడలి ఇది. ఇప్పుడు అక్కడ కనిపించే వైవిధ్యమంతా వాహనాలదే. ఆ అభ్యంతరం ఏమిటంటే, కారు ఇక్కడ ముచ్చట కాదు, తప్పనిసరి అని. నిజమే. మెట్రో రాయదుర్గం చేరింది 2019 నవంబర్ 29న, అక్కడితో ఆగిపోయింది. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట ఆ పట్టాలకు అవతలే ఉన్నాయి. ఆడవాళ్ల విషయంలో ఈ వాదన మరింత బలమైనది. 2013 అక్టోబర్‌లో మాదాపూర్‌లో క్యాబ్ ఎక్కిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై జరిగిన అఘాయిత్యం నగరాన్ని కుదిపేసింది. మరుసటి ఏడాది ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. ఆ తర్వాత లోపలి నుంచి లాక్ చేసుకోగల సొంత కారు ఎందరో ఆడపిల్లల తల్లిదండ్రులకు విలాసం కాకుండా పోయింది. ఈ వాదనను నేను కొట్టిపారేయను. అయితే అవసరమనేది ఎందుకు కొన్నారో చెబుతుంది గానీ ఏది కొన్నారో చెప్పదు. భద్రంగా ఆఫీసుకు వెళ్లిరావడానికి చిన్న ఆటోమేటిక్ కారు చాలు, ధరలో సగం మిగులుతుంది. ఆ మిగులు వద్దనుకుని ఎత్తయిన, పొడవైన బండి వైపు వెళ్తున్నారంటే ఇంకేదో లెక్క ఉన్నట్టే.

ఆ లెక్క పేరు దర్జా అనేవాళ్లు చాలామంది. వాళ్ల దగ్గరా ఆధారాలు తక్కువేం లేవు. ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో 9999 నంబరు వేలానికి వస్తే లక్షలు పలుకుతుంది. లక్ష రూపాయల కారుగా 2009లో వచ్చిన నానో 2018కల్లా ఆగిపోయింది, చవక బండి అన్న ముద్రే దాని కొంప ముంచింది. కొత్త కారు షోరూమ్ నుంచి నేరుగా జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి వెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించుకుని, పసుపు కుంకుమలతో ఫొటో దిగాకే ఇల్లు చేరుతుంది. దర్జా ఉంది, కాదనను. కానీ ఎవరి ముందు? ఆఫీసులో ఆ కారు మూడో సెల్లార్‌లో ఉంటుంది, దాన్ని తేరిపార చూసేది సెక్యూరిటీ గార్డు ఒక్కడే. అపార్ట్‌మెంట్‌లో అలాంటివే ఇంకో వంద ఉంటాయి. మీ కారును కారుగా గుర్తించి, చుట్టూ తిరిగి చూసి, ‘ఎంతయింది బాబూ, మైలేజీ ఎంతిస్తది?’ అని అడిగే జనం ఉన్నది ఊళ్లోనే. సన్‌రూఫ్‌లోంచి పిల్లలు తల బయటపెట్టేదీ ఆ వీధిలోనే. పండక్కి అల్లుడు బస్సు దిగి వచ్చాడా, కారులో వచ్చాడా అన్నది అత్తవారి వీధికి ఇప్పటికీ వార్తే. దర్జా వాదాన్ని చివరిదాకా లాగితే అదీ ఊరి పొలిమేరకే చేరుతుంది.

గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కాక బండ్లకు ఊపిరొస్తుంది. 158 కిలోమీటర్ల ఈ రింగు మీద ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. కార్ల వేగ పరిమితిని 2023లో 120కి పెంచారు. ఇక్కడ నంబరు ప్లేట్లు తీరిగ్గా చదువుకోవచ్చు. టీఎస్ 07, టీఎస్ 08, 2024 మార్చి తర్వాతి టీజీలు సరే, వాటి మధ్య నల్గొండ 05, సూర్యాపేట 29, ఖమ్మం 04 కనిపిస్తాయి. గుంటూరు ఏపీ 07, కృష్ణా 16, పశ్చిమ గోదావరి 37 ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి. 2019లో ఆంధ్రలో అన్ని జిల్లాలకూ కలిపి ఒకే నంబరుగా 39 రావడంతో ఆ సరదా కొంత పోయింది. జీతం మాదాపూర్‌లో తీసుకుంటూ బండిని సొంత జిల్లా చిరునామాతో నడిపేవాళ్లకు ఆ బండి ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రిక్ కార్ల సంగతి ఇంకా స్పష్టం. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం వీటికి రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేసింది. ఈ మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. మినహాయింపు ఇచ్చేనాటికి ఉన్న, 2022లో పెంచిన రేట్లతో చూస్తే 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకు జీవితకాల పన్ను 18 శాతం, అంటే మూడున్నర లక్షలకు పైమాటే. కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు రోజూ వెళ్లొచ్చేవారికి ఇంతకు మించిన బేరం లేదు. అయినా ఈవీ మాటెత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఆఫీసు గురించి కాదు. ‘విజయవాడ పోతే మధ్యలో ఛార్జింగ్ ఎక్కడ?’ అని. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లే 270 కిలోమీటర్ల దారి మిగతా రోజులన్నిటి లెక్కనూ తారుమారు చేస్తోంది.

2023-24లో దేశమంతటా అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో 60 శాతం యుటిలిటీ వాహనాలే కదా, దీన్ని మన ఊళ్ల గొడవగా చెప్పడమేంటని అడగొచ్చు. దేశంలో ప్రతి నగరానికీ వెనకాల ఒక ఊరుంది. మన కారిడార్‌కు అది కారులో ఒక పూటలోనో ఒక రోజులోనో చేరగలిగే దూరంలో ఉంది, తేడా అంతే. ఇక హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాళ్లకు, ఊళ్లో ఇల్లు తాళం పడినవాళ్లకు ఈ లెక్క సరిపోదు. వాళ్లలో శ్రీశైలం, తిరుపతి కోసం కొనేవాళ్లు కొందరు, ఊరికే కొనేవాళ్లు కొందరు.

పెద్ద అంబర్‌పేట దాటాక అందరి దిక్కూ ఒకటే. ఫాస్టాగ్ తప్పనిసరి చేసి ఏళ్లయినా సంక్రాంతికి పంతంగి దగ్గర బారులు తప్పడం లేదు. ఉన్న గేట్లలో ఎక్కువభాగం విజయవాడ వైపే తెరుస్తారు. రెండు గంటల ముందు మైండ్‌స్పేస్‌లో ఒక్కొక్కరుగా కూర్చున్న బండ్ల వంటివే ఇవి, ఇప్పుడు నిండుగా ఉన్నాయి. వెనక సీట్లో అమ్మమ్మలు, ఒళ్లో పిల్లలు, అద్దానికి ఆనుకుని దిండ్లు. వీళ్లకు వేరే దారేముంది? పండగ రైళ్లలో బెర్తులు రిజర్వేషన్ తెరిచిన నిమిషాల్లోనే అయిపోతాయి. ప్రైవేటు బస్సులు ఆ వారం నోటికొచ్చిన ధర చెబుతాయి. మెట్రో కోకాపేట దాకా వచ్చినా ఈ కార్లు సెల్లార్‌లో ఎక్కువసేపు నిలబడతాయేమో గానీ అమ్ముడుపోవడం మానవు. సైబరాబాద్‌లో కార్లు తగ్గాలని కోరుకునే అధికారులు ఇంకో ఫ్లైఓవర్ గీసే ముందు సంక్రాంతి రైళ్ల సంఖ్య, బస్సు చార్జీల సంగతి చూడాలి.