బ్రేకు లేని సైకిలు

బెల్లు మోగని సైకిళ్ళమీద తిరిగేవాళ్ళను చూశాను. మడ్‌గార్డులు ఊడదీయించి, వానాకాలంలో వీపంతా బురద పూయించుకుని షోకుగా పోయేవాళ్ళనూ చూశాను. బ్రేకులుంటే నామోషీ అనేవాళ్ళను మాత్రం మా మేనల్లుడి ధర్మమా అని ఈమధ్యనే చూశాను.

వాడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. పోయిన వేసవి సెలవులకు నందిగామ వచ్చినవాడు, రెండోరోజునే వెనక వసారాలో గోనెపట్టా కప్పి ఉన్న మా నాన్నగారి సైకిలును బయటికి లాగాడు. 1964లో బెజవాడలో కొన్న హెర్క్యులిస్ అది. మద్రాసు దగ్గర అంబత్తూరులో తయారైన సరుకు. దానిమీద నాన్నగారు ముప్పై ఏళ్ళు బడికి వెళ్ళి వచ్చారు. "మావయ్యా, దీన్ని ఫిక్సీ చేయించుకుంటాను. మీరు కాదనకూడదు" అన్నాడు. ఫిక్సీ అంటే కొత్తరకం టిఫిను కాబోలు అనుకుంది మా ఆవిడ.

చంటిపిల్లల మూడుచక్రాల బండి ఎరుగుదురు గదా. దాని పెడళ్ళు ముందుచక్రానికే ఉంటాయి. చక్రం తిరిగినంతసేపూ పిల్లవాడి కాళ్ళు తిరగవలసిందే. కాళ్ళు బిగబడితే బండి ఆగుతుంది. ఫిక్సుడు వీలు సైకిలు కూడా అంతే, కాకపోతే మధ్యన గొలుసు ఉంటుంది. మన మామూలు సైకిలుకు వెనకచక్రం మీద ఫ్రీవీలు ఉంటుంది. దాని పొట్టలో తీగ స్ప్రింగు ఆనుకుని చిన్న నాలుకలుంటాయి. ముందుకు తొక్కితే అవి పళ్ళను పట్టుకుంటాయి, తొక్కటం మానితే టిక్కుటిక్కుమంటూ జారిపోతాయి. పల్లంలో కాళ్ళు ఆడించకుండా, కూనిరాగం తీసుకుంటూ పోయే సుఖమంతా ఆ నాలుకల చలవే. పంతొమ్మిదో శతాబ్దం చివర ఇది వాడుకలోకి వచ్చేదాకా సైకిళ్ళన్నీ ఫిక్సుడు వీళ్ళే.

అయితే ఆ పాతరకం పూర్తిగా పోలేదు. సర్కసులో సైకిలును వెనక్కు తొక్కే మనిషి కింద ఉండేది అదే. జపానులో 1948లో మొదలై ఇప్పటికీ సాగుతున్న కైరిన్ పందాలు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని వెలోడ్రోమ్ వంటి చోట్ల జరిగే పోటీలు, అన్నీ ఫిక్సుడు వీళ్ళ మీదే. వాటికి బ్రేకులుండవు. న్యూయార్కు వీధుల్లో కాగితాల కట్టలు చేరవేసే కుర్రాళ్ళు ఈ సైకిళ్ళను ఊళ్ళోకి తెచ్చారు. అక్కడినించి ఫాషను బయలుదేరి, మా వసారాలో గోనెపట్టా కిందికి వచ్చింది.

నిజం చెప్పాలంటే అందులో ఒక రుచి ఉంది. ఎవరూ లేనప్పుడు నేనూ మా వీధి చివరిదాకా తొక్కి చూశాను. చక్రమే కాలును పైకి ఎత్తి ఇస్తుంది. ఎద్దును ముకుతాడు పట్టుకుని నడిపిస్తున్నట్టు, వేగం ఎంతో పాదానికే తెలుస్తూ ఉంటుంది. ఈ సరదాను నేను తప్పుపట్టను. నా తగాదా అంతా బ్రేకుతోనే.

వెలోడ్రోమ్‌లో గేదెలు అడ్డం రావు, సిమెంటు లారీలు ఎదురుగా రావు, మిరపకాయల ట్రాక్టరు ఉన్నట్టుండి పొలంలోంచి రోడ్డెక్కదు. 2022లో మా ఊళ్ళు ఎన్టీఆర్ జిల్లాలో కలిసినా, మాకు నోరు తిరిగే పేరు కృష్ణాజిల్లా మెట్ట అనే. ఈ మెట్టలో నందిగామ నుంచి జగ్గయ్యపేటకు ముప్పై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయరహదారి మీద చిల్లకల్లు దాకా పోయి, అక్కడ పేటకు తిరగాలి. ఆ దారిలో పైన చెప్పినవన్నీ ఉంటాయి. 2016లో లండనులో ముందుబ్రేకు లేని ఫిక్సుడు సైకిలు తగిలి, రోడ్డు దాటుతున్న ఒకామె చనిపోయింది. ఆ మరుసటి ఏడు సైకిలు తొక్కిన కుర్రాడికి పద్దెనిమిది నెలలు శిక్ష పడింది. ఆ దేశపు చట్టం ప్రకారం ఫిక్సుడు వీలు ఒక బ్రేకు కిందే లెక్క. ముందుచక్రానికి రెండోది ఉండి తీరాలి.

ఇదంతా చెబితే మావాడు విన్నట్టే తల ఊపి, చౌక దారి వెదికాడు. ఇరుగుపొరుగు ఊళ్ళలో ఎక్కడో ఒక వెల్డింగు షాపులో పాత ఫ్రీవీలుకు నాలుగుచోట్ల వెల్డింగు పెట్టించాడు. నాలుకలు కదలవు గనక ఫిక్సుడు అయిపోయింది. బ్రేకు కడ్డీలు విప్పి అటకమీద పడేశాడు. మర్నాడు తెల్లవారుజామున పేటకు బయలుదేరాడు. దారిలో ఒక పల్లం దగ్గర వేగం తగ్గిద్దామని పెడళ్ళను వెనక్కు బిగబట్టాడట. ఒక్క క్షణం పట్టింది, తరవాత కాళ్ళు ఉత్తినే వెనక్కు తిరిగాయి. సైకిలు మాత్రం ముందుకే పోయింది. అదృష్టవశాత్తూ పక్కన మిరపచేను ఉంది. మోకాళ్ళూ మోచేతులూ దోక్కుపోయి ఆటోలో ఇంటికి వచ్చాడు. వాళ్ళమ్మకు ఫోనులో ఏమి చెప్పాలో తెలియక మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు.

ఏమి జరిగిందో మా సైకిలు మేస్త్రీ ఒక్క చూపులో చెప్పాడు. "మాస్టారూ, వెల్డింగు ఊడలేదండి. మర ఊడింది" అన్నాడు.

ఈ సంగతి మీ ఇంట్లో కుర్రాడికి కూడా చెప్పండి; మిగతావన్నీ దీని తరవాతే. ఫ్రీవీలు హబ్బుమీద కుడిమరతో ఎక్కుతుంది. ముందుకు తొక్కినకొద్దీ బిగుసుకుంటుంది. ఫ్రీవీలు వెనక్కు లాగదు గనక అది ఊడే ప్రసక్తి లేదు. కాని దాన్ని బిగదీసి, కాళ్ళతో వెనక్కు పట్టామంటే, సీసా మూత తిప్పినట్టు మనమే దాన్ని విప్పుతున్నామన్నమాట. అందుకే అసలైన ట్రాకు హబ్బుకు రెండు మెట్లుగా మర ఉంటుంది. లోపలి మెట్టుమీద పళ్ళచక్రం కుడిమరతో ఎక్కుతుంది. దాని బయట, కాస్త చిన్న మెట్టుమీద, లాక్‌రింగు ఎడమమరతో ఎక్కుతుంది. పళ్ళచక్రం విప్పుకోబోతే లాక్‌రింగు ఇంకా బిగుస్తుంది. సైకిలుకు ఎడమ పెడలు ఎడమమరే ఎందుకుంటుందో తెలిసినవాళ్ళకు ఈ తెలివి కొత్త కాదు. కొందరు పాత హబ్బుమీదనే పళ్ళచక్రం ఎక్కించి, జిగురు పూసి, బీబీ కప్పు రింగును అడ్డం వేస్తారు. ఆ రింగూ కుడిమరే గనక అదీ వదులవుతుంది. అలాంటి సైకిలుకు రెండు బ్రేకులూ లేకుండా ఎక్కటమంటే పాముపుట్టలో చెయ్యి పెట్టటమే.

ట్రాకు హబ్బు కొందామంటే ఇంకో చిక్కు వచ్చింది. ఇంగ్లీషు పద్ధతి సైకిళ్ళకు ముందుచక్రానికి 32 పుల్లలు, వెనకచక్రానికి 40. ట్రాకు హబ్బులు సామాన్యంగా 32 లేక 36 రంధ్రాలవి. 40 రంధ్రాల రిమ్ముకు అవి పనికిరావు. ముందుచక్రం రిమ్ము వంటిదే, 32 రంధ్రాలది, ఇంకొకటి కొని వెనక కట్టించమని మేస్త్రీ సలహా చెప్పాడు. బంగారం లాంటి సలహా! ఎందుకంటే కడ్డీ బ్రేకుల రబ్బర్లు రిమ్ము పక్కన కాదు, లోపలి అంచును పట్టుకుంటాయి. ఆ ఆకారపు రిమ్మే ఉండాలి. రిమ్ము మారకపోతే వెనకబ్రేకు కూడా దక్కుతుంది. పుల్లల పొడుగు మాత్రం కొత్త హబ్బును బట్టి కొలిపించుకోవాలి, పాతవి పనికిరావు. ట్రాకు హబ్బు వెడల్పు 120 మిల్లీమీటర్లు. పాత సైకిలు వెనక చీలిక అంతకన్న ఇరుకు. ఉక్కు గనక కాస్త ఎడంచేస్తే లొంగుతుంది, కాని ఆ పని అనుభవం ఉన్న చేతిలోనే జరగాలి.

ఇక పళ్ళ లెక్క. లెక్కల మాస్టారుగా ముప్పైమూడేళ్ళు పనిచేసినవాణ్ణి, ఇక్కడ నన్ను ఆపకండి. మా సైకిలు ముందుచక్రానికి 48 పళ్ళు, వెనక 18. ఒకసారి పెడలు తిప్పితే సైకిలు 5 మీటర్ల 87 సెంటీమీటర్లు పోతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పల్లం దిగితే నిమిషానికి 85 సార్లు కాళ్ళు తిరుగుతాయి. వెనక 20 పళ్ళు వేస్తే ఎదురుగాలిలో సులువే గాని, అదే పల్లంలో కాళ్ళు 95 సార్లు తిరగాలి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఫిక్సుడు వీలు కుర్రాళ్ళు కాళ్ళు బిగబట్టి వెనకచక్రాన్ని జరజరా జారించి ఆపుతారు. ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి జారిస్తారు గనక టైరు కొన్ని చోట్లనే అరుగుతుంది. ఎన్ని చోట్ల? 48ని 18తో భాగించి భిన్నాన్ని కుదిస్తే 8 బై 3. కింద ఉన్న అంకె మూడు, టైరు మూడు చోట్లనే అరిగి నెలల్లో నార బయటపడుతుంది. 20 వేస్తే 12 బై 5, అయిదు చోట్లు. 19 వేస్తే? భిన్నం కుదరదు! అరుగుదల 19 చోట్లకు సర్దుకుంటుంది. ఒక్క పన్నుతో టైరు ఆయుస్సు ఎంత పెరిగిందో చూడండి. మావాడు నోరు తెరిచి విన్నాడు. తరగతిలో ఎవరూ అలా విన్న జ్ఞాపకం నాకు లేదు.

గొలుసు సంగతి త్వరగా చెబుతాను. పాత సైకిలు గొలుసూ ట్రాకు గొలుసూ ఒకే వెడల్పు, అరంగుళం బై అరంగుళంలో నాలుగోవంతు; గేర్ల సైకిలు సన్న గొలుసు వెయ్యకండి. మధ్యలో వేలితో నొక్కితే అరంగుళం ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదిలేస్తే ఊడి చక్రాన్ని పట్టేస్తుంది. ఒక్కమాట మాత్రం మరిచిపోవద్దు: చక్రం తిరుగుతుండగా గుడ్డతో గొలుసు తుడవకూడదు. మామూలు సైకిలుకు గుడ్డ చిక్కుకుంటే చక్రం విడిగా తిరిగిపోతుంది. దీనికి అలా కాదు. గుడ్డనూ, గుడ్డ పట్టుకున్న వేలినీ కలిపి పళ్ళలోకి లాగేస్తుంది. అదే కారణం చేత పంచె కట్టుకునేవాళ్ళూ, ప్యాంటు వెడల్పుగా కుట్టించుకునేవాళ్ళూ గొలుసు కప్పు తీయించవద్దు. కుడికాలికి క్లిప్పు తప్పనిసరి.

కాటరు పిన్ను గురించి రెండు మాటలు. పాత సైకిళ్ళ క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది అదే. మామూలుగా దానిమీద బరువు ఒకవైపే పడుతుంది. ఫిక్సుడు వీలుకు తొక్కినప్పుడొకవైపు, బిగబట్టినప్పుడు రెండోవైపు. కాస్త వదులున్నా ప్రతి తిప్పుకూ టక్కుమంటుంది. ఆ టక్కును వింటూ ఊరుకోకూడదు. కొత్త పిన్ను తెచ్చి, దాని ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో సాపు చేసి, క్రాంకు కింద ఇనుప దిమ్మ ఆసరా పెట్టి సుత్తితో దిగ్గొట్టాలి. నట్టు బిగించి పిన్నును లోపలికి లాగాలని చాలామంది చూస్తారు, మర తెగిపోతుంది. నట్టు ఉన్నది జారకుండా కాయటానికే.

కాళ్ళు పెడలుమీంచి జారితే పెడలు తిరుగుతూ వచ్చి పిక్కమీద కొడుతుంది గనక తోలు పట్టీలు కావాలి. మలుపులో వాలినా పెడలు ఆగదు, నేలకు తగులుతుంది. నెమ్మదిగా తిరగటం తప్ప వేరే మందు లేదు. వానాకాలంలో రేగడి దారులకు దీన్ని తీసుకుపోవద్దు. మడ్‌గార్డులో మట్టి కూరుకుని చక్రం పట్టేస్తే కాళ్ళూ పట్టేస్తాయి. తడిసిన ఉక్కు రిమ్ముమీద రబ్బరు జారుతుంది గనక ముందునించే తేలిగ్గా నొక్కుతూ నీటిని తుడిచి, తరవాత గట్టిగా పట్టాలి. పల్లేరుకాయలకూ తుమ్మముళ్ళకూ సొల్యూషను, రబ్బరు ముక్క, వాల్‌ట్యూబు, చేతిపంపు ఎప్పుడూ సంచిలో ఉండవలసినవే.

లాక్‌రింగుకు కొక్కెం పానా కొనాలి. సుత్తీ ఉలీ పెట్టి కొట్టి బిగించేవాళ్ళను దగ్గరికి రానివ్వకండి. పళ్ళచక్రం బిగించే పానా మాత్రం కొనక్కరలేదు. ఇనుప పట్టీకి పాత గొలుసు ముక్క రివెట్టు చేసి మా మేస్త్రీ అరగంటలో తయారుచేశాడు. ముందు పళ్ళచక్రం, తరవాత లాక్‌రింగు. ఆపైన ఒక ఎత్తు ఎక్కి, బ్రేకులతోనే దిగి వచ్చి, లాక్‌రింగును మళ్ళీ బిగించాలి. ఎక్కేటప్పుడు పళ్ళచక్రం ఇంకాస్త లోపలికి పోతుంది, రింగు వెనకబడుతుంది. ఈ రెండో బిగింపు చాలామంది ఎగ్గొడతారు.

హబ్బు కొనేటప్పుడు రెండువైపులా మర ఉన్నదే కొనమన్నాను. ఒకవైపు ఫిక్సుడు పళ్ళచక్రం, రెండోవైపు ఫ్రీవీలు. చక్రం విప్పి అటుది ఇటు తిప్పితే చాలు. పేటకు పోయేటప్పుడు పడమటిగాలి ఎదురు. కాళ్ళు ఎటూ ఆగవు, ఫిక్సుడు అయినా ఒకటే. వచ్చేటప్పుడు గాలి వీపున ఉంటుంది, అప్పుడు ఫ్రీవీలు హాయి. తిప్పటానికి పదినిమిషాలు చాలు, టీ చల్లారేలోగా అయిపోతుంది. ఇరుసు నట్ల పానా మాత్రం వెంట ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం సైకిలు షాపు తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు.